ఊపిరికి సంజాయిషీ

డాక్టర్ త్రినాథ్ పదకొండేళ్లుగా ఒకే ఒక్క విషయం మీద పరిశోధన చేస్తున్నాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు మధ్యమధ్యలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. మరిచిపోవడమంటే అచ్చంగా మరిచిపోవడమే. ఊపిరి తియ్యమని ఛాతీకి చెప్పవలసిన మెదడు ఆ పని పూర్తిగా నేర్చుకోకముందే బిడ్డ బయటికి వచ్చేస్తుంది. హాయిగా నిద్రపోతూ నిద్రపోతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎవరో ఒకరు అరికాలి మీద వేలితో తట్టితే, అరె, సంగతే మరిచాను అన్నట్టు మొహం చిట్లించి మళ్లీ మొదలుపెడుతుంది. తట్టేవాళ్లు లేకపోతే మెదడుకు ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ తగ్గడం ఎంతసేపటికి మొదలవుతుంది, దానివల్ల పెద్దయ్యాక ఆ బిడ్డకు ఏమవుతుంది అన్నది త్రినాథ్ పని.

ఒక పెళ్లి భోజనాల్లో మేనమామ అడిగాడు, "ఆసుపత్రిలో నువ్వు చేసేదేమిట్రా?" అని.

"పిల్లలు ఊపిరి ఆపినప్పుడు సెకన్లు లెక్కపెడతానండి."

"లెక్కపెట్టి?"

"రాసుకుంటాను."

మేనమామ కాసేపు ఆలోచించి, వడ్డించేవాణ్ని పిలిచి వంకాయకూర అడిగాడు. త్రినాథ్ నొచ్చుకోలేదు. పరిశోధకుణ్ని లోకం వెంటనే అర్థం చేసుకోదని అతనికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం వల్ల అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత కూడా తప్పిపోయింది.

అతను పనిచేసేది గోదావరి కాలవ పక్కనున్న పెద్దాసుపత్రిలో, పసిపిల్లల వార్డులో. అక్కడ పన్నెండు గాజుపెట్టెలు, ఒక్కో పెట్టెకు ఒక్కో మానిటరు. బిడ్డ ఇరవై సెకన్లు ఊపిరి ఆపితే మానిటరు కూస్తుంది, నర్సు పరుగెత్తుతుంది. త్రినాథ్ కనిపెట్టింది ఏమిటంటే, ఆ ఇరవై సెకన్లు చాలా ఆలస్యం. బిడ్డ నుదుటి మీద అంటించిన చిన్న పట్టీ చెప్పినదాని ప్రకారం, పదో సెకను నుంచే మెదడుకు ప్రాణవాయువు తగ్గడం మొదలవుతుంది. ఇరవై సెకన్ల పెద్ద విరామం ఒకటి వస్తే అందరూ చేరతారు. పది పన్నెండు సెకన్ల చిన్న విరామాలు రోజుకు వంద వచ్చినా ఎవరూ చూడరు. నష్టమంతా అక్కడే జరుగుతోంది.

మంచి పరిశోధనే. అందులో అనుమానం లేదు. అయితే ఈ విషయం లోకానికి తెలియాలన్న కోరికతో సమానంగా, దీన్ని లోకం 'త్రినాథ్ సూచిక' అని పిలవాలన్న కోరిక కూడా అతనికి ఉండేది. నోటుపుస్తకం చివరి పేజీలో ఆ రెండు మాటలూ గుండ్రటి అక్షరాలతో ఒకసారి, వాలుగా ఒకసారి రాసి చూసుకున్నాడు. వాలుగా రాసినదే బాగుంది.

సూపరింటెండెంటు విశ్వేశ్వరం గారు మెతక మనిషి. ఏ కాగితం పెట్టినా చదవకుండా సంతకం చేస్తారు. "మానిటర్లు ఇకపై పదో సెకనుకే మోగవలెను" అన్న కాగితం మీద కూడా చేశారు. ఆ నెల చివరి సోమవారం పొద్దున్న పన్నెండు మానిటర్లూ పదికి మారాయి. పది నిమిషాలయ్యేసరికి వార్డులో మాట వినిపించడం మానేసింది.

హెడ్ నర్సు సువార్తమ్మ ఇరవై ఆరేళ్లుగా ఆ వార్డులో ఉంది. ఒక పెట్టె దగ్గర అరికాలు తట్టి రెండో దానికి వెళ్తూ, మూడోది కూస్తుంటే తలుపు దగ్గర నిలబడ్డ త్రినాథ్‌తో అంది, "డాక్టరు గారండీ, ఇది వార్డా, పెళ్లివారి బ్యాండు మేళమా?"

"కొన్నాళ్లు ఓర్చుకోవాలి సిస్టర్. సైన్సు కోసం."

"సైన్సుకేం, ఓర్చుకుంటాం. మీరూ ఒక కాలు తడితే బాగుంటాది కదండీ."

త్రినాథ్ నవ్వి, గడియారం చూసుకుని, రాసుకున్నాడు.

నెలాఖరు నివేదిక రాజధానికి వెళ్లింది. 'శ్వాస విరామాలు' అన్న గడిలో అంతకు ముందు నెల ముప్పై ఎనిమిది. ఈ నెల పందొమ్మిది వందల పన్నెండు. రెండు రోజుల్లో వైద్యశాఖ డైరెక్టరు గారి కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. "సదరు ఆసుపత్రిలో శిశువుల శ్వాసక్రమశిక్షణ ఆందోళనకరముగా క్షీణించినట్లు గమనించడమైనది. కారణములు తెలుపవలెను."

సూపరింటెండెంటు గారి గదిలో సమావేశం పెట్టారు.

"త్రినాథ్ గారూ, మీరు లెక్కపెట్టకముందు మన పిల్లలు బాగానే ఊపిరి తీసుకునేవాళ్లు కదండీ," అన్నారు విశ్వేశ్వరం గారు, నిజంగానే బాధపడుతూ.

"అప్పుడూ ఇలాగే ఆపేవాళ్లు సార్. మనం చూసేవాళ్లం కాదు."

"మరి చూడకపోతే సరిపోయేదిగా!"

ఆసుపత్రి పరిపాలనాధికారి పేర్రాజు గారు అప్పుడు గొంతు సవరించుకున్నారు. ఆయన అంతకు ముందు ఇరవై రెండేళ్లు వేరే సంస్థలో సిబ్బంది సెలవుల సెక్షను చూసి వచ్చారు. ప్రపంచంలో ఉన్న సమస్యలన్నీ సెలవు నియమాలు సరిగ్గా చదవకపోవడం వల్ల వచ్చినవేనని ఆయన అభిప్రాయం. చెడ్డవాడు కాదు. ఎవరికీ అన్యాయం జరగకూడదనే ఆయన పట్టుదల.

"డాక్టర్ గారూ, విరామమనగా ఏమి? విధినిర్వహణలో ఉన్నవారు సదరు విధిని ఆపుట. అంతేనా?"

"ఒక రకంగా అంతేనండి..."

"అనుమతితో ఆపినచో సెలవు. అనుమతి లేక ఆపినచో గైర్హాజరు. మీ పందొమ్మిది వందల పన్నెండులో ముందస్తు అనుమతి పొందినవి ఎన్ని?"

త్రినాథ్ నిజాయితీపరుడు. "ఒక్కటీ లేదండి," అన్నాడు.

గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విశ్వేశ్వరం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"కంగారుపడకండి. దీన్ని ఒక పద్ధతిలో పెట్టవచ్చును," అన్నారు పేర్రాజు గారు. "శాస్త్రీయమైన వర్గీకరణ ఒకటి కావాలి. అది డాక్టర్ గారే తయారుచేయాలి. 'త్రినాథ్ వర్గీకరణ' అని ఉత్తర్వులలో పెడదాం."

త్రినాథ్ ఆ క్షణంలో లేచి నిలబడి ఉండవలసింది. ఇది సెలవు కాదు మహాప్రభో, ప్రాణం అని చెప్పి ఉండవలసింది. ఆ తర్వాత చాలా రోజులు అతను స్నానం చేస్తూ, బండి నడుపుతూ ఆ మాటలు ఎన్నో రకాలుగా, ఎంతో గంభీరంగా చెప్పుకున్నాడు. ఆ రోజు మాత్రం జేబులోంచి పెన్ను తీశాడు.

త్రినాథ్ వర్గీకరణ వారంలో అమల్లోకి వచ్చింది. పది సెకన్ల లోపు తాత్కాలిక విరామం. పది నుంచి ఇరవై వరకు వైద్య ధ్రువపత్రముపై విరామం. ఇరవై దాటితే అనధికార గైర్హాజరు. ప్రతి విరామానికీ పద్నాలుగు గడుల ఫారం. తొమ్మిదో గడి 'విరామమునకు కారణము'. పదకొండో గడి 'విరామమునకు ముందు పై అధికారికి తెలియజేయబడినదా?' పదమూడో గడి 'విరామ సమయమున శిశువు ముఖకవళికలు'. ఈ పదమూడోది పేర్రాజు గారిది కాదు. పరిశోధనకు పనికొస్తుందని త్రినాథే చేర్పించాడు.

నర్సులు ఒక చేత్తో కాలు తట్టడం, రెండో చేత్తో ఫారం నింపడం నేర్చుకున్నారు. తొమ్మిదో గడిలో అందరూ ఒకే మాట రాశారు, 'మరిచిపోయినది' అని. ఫారాల కట్టలు తిరగేసిన పేర్రాజు గారు దిగులుపడ్డారు. ఇంతమంది ఇన్నిసార్లు మరిచిపోవడం ఆయన సర్వీసులో చూడలేదు.

ఒక గురువారం పొద్దున్న వీరవేణి అనే తల్లి కాగితం పట్టుకుని త్రినాథ్ గదికి వచ్చింది. రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచే పని ఆమెది. ఏడో నంబరు పెట్టెలో ఉన్నది ఆమె కూతురు. ఏడో నెల పడిన కొద్ది రోజులకే పుట్టింది, కిలో నూట యాభై గ్రాములు. ఇంకా పేరు పెట్టలేదు, పెట్టె మీద 'వీరవేణి పాప' అని రాసుంటుంది.

"డాక్టరు గారండీ, మా పాపకి కాయితం వచ్చిందండి. ఆఫీసాయన తెచ్చిచ్చి ఏలిముద్ర ఏయించుకెళ్లాడండి."

"నీ వేలిముద్రా?"

"కాదండి, పాపదండి."

త్రినాథ్ కాగితం అందుకుని చదివాడు. "7వ నంబరు పెట్టె నివాసిని, ఇంకనూ నామకరణము కాని సదరు శిశువునకు తెలియజేయునది ఏమనగా, తాము గత మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషములకు ఇరువది రెండు సెకన్ల కాలము ముందస్తు అనుమతి లేక శ్వాసక్రియకు గైర్హాజరైనట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. మూడు దినములలోగా తమ సంజాయిషీ దాఖలు చేయవలెను. లేనిచో తాము చెప్పుకొనవలసినది ఏమియూ లేదని భావించి తదుపరి చర్య తీసుకొనబడును." కింద బ్రాకెట్లో, 'త్రినాథ్ వర్గీకరణ, క్లాజు మూడు'.

తన పేరు అచ్చులో చూసుకోవడం అతనికి అదే మొదలు. చెవులు వేడెక్కాయి.

"ఏంటండి, పాపని పంపించేత్తారా ఇక్కణ్ణించి?" అడిగింది వీరవేణి.

"ఛ, ఛ. అదేం లేదమ్మా. ఉత్తినే... ఆఫీసు వ్యవహారం. జవాబు రాసిస్తే సరిపోతుంది. కూర్చో, నేను రాస్తాను."

"నేను సెప్తానండి, మీరు రాయండి," అంది వీరవేణి. కూర్చోలేదు. కొంగు చుట్టూ తిప్పుకుని, ఎదురుగా ఎవరో పెద్దమనిషి ఉన్నట్టు గోడకేసి చూస్తూ చెప్పింది. "అయ్యా, దండాలండి. మా పాప మాఘమాసంలో రావాల్సిందండి. కార్తీకంలోనే వచ్చేసింది. అన్నీ నేర్సుకుని రాలేదండి పాపం, ఊపిరి సంగతి మిగిలిపోయింది. రోజూ నేర్సుకుంటంది. నిన్నటికంటే ఇయ్యాల బాగానే తీత్తంది. మర్సిపోయినప్పుడు కూసింత గుర్తుసెయ్యండి సాలు. తిట్టకండి. సిన్నపిల్ల."

త్రినాథ్ ఒక్క అక్షరం మార్చకుండా రాశాడు. పదకొండేళ్లలో తాను రాసిన నలభై పేజీల వ్యాసంలో ఉన్నదంతా ఇంతేనని, ఇంత బాగా అందులో లేదని అతనికి తోచింది. ఆ తోచినదాన్ని ఎక్కడ రాసుకోవాలో తెలియలేదు.

సంజాయిషీ చదివి పేర్రాజు గారు పరవశించిపోయారు. ఎర్ర సిరాతో ఒక వాక్యం కింద గీత గీసి త్రినాథ్‌ని పిలిపించారు.

"డాక్టర్ గారూ, ఇన్నాళ్లూ మనం మూలం వదిలేసి కొమ్మలు పట్టుకున్నాం. చూడండి. రావలసినది మాఘంలో. వచ్చినది కార్తీకంలో. అనగా సదరు శిశువు నియామక తేదీకి మునుపే విధులలో చేరినది!"

"నియామక తేదీ అంటే..."

"మీరే ఇస్తారు కదండీ, ప్రసవానికి ఫలానా తేదీ అని చీటీ మీద రాసి. అదే నియామక తేదీ. నియామక తేదీకి ముందు హాజరు తప్పనిసరి కాదు. హాజరు తప్పనిసరి కాని చోట గైర్హాజరు ఉండదు. మీ వార్డులో ఉన్న శిశువులందరూ ముందే వచ్చినవారు. కాబట్టి వారి విరామములు ఏవియూ విరామములు కావు."

"కానీ ఊపిరి ఆగుతోంది కదండీ!"

"ఆగవచ్చును. లెక్కకు రాదు."

ఆయన మొహంలో నిజమైన సంతోషం. పసిపిల్లల మీద చర్య తీసుకోవలసి వస్తుందేమోనని ఆయనకు వారం రోజులుగా నిద్ర లేదట.

ఉత్తర్వు వచ్చింది. దానికి మర్నాడు ఇంకో ఉత్తర్వు వచ్చింది, లెక్కకు రాని విరామాలకు అలారం మోగడం కార్యాలయ వనరుల దుర్వినియోగం కనుక నియామక తేదీ వరకు మానిటర్లు మౌనంగా ఉండవలెనని. త్రినాథ్ ఆఫీసుకు వెళ్లి గట్టిగానే మాట్లాడాడు. అంటే అతనికి గట్టిగా అనిపించింది. పేర్రాజు గారు ఓపికగా విని, అభ్యంతరముంటే రాతపూర్వకంగా ఇమ్మన్నారు. త్రినాథ్ నాలుగు పేజీలు రాశాడు. "ఈ చర్య వలన కొంత అసౌకర్యము కలుగు అవకాశము లేకపోలేదని వినయపూర్వకముగా భావించబడుచున్నది" అన్నది అందులో అన్నిటికంటే ఘాటైన వాక్యం. దాన్ని ఫైలులో పెట్టారు. పెట్టినట్టు రసీదు కూడా ఇచ్చారు.

మానిటర్ల తెరల మీద అంకెలు మారుతూనే ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదు. పన్నెండు తెరలూ ఒకేసారి చూడడం ముగ్గురు నర్సుల వల్ల కాదు. సువార్తమ్మ ఎవరినీ అనుమతి అడగలేదు. వరండాలో పడిగాపులు పడుతున్న తల్లులను లోపలికి పిలిచి, కాళ్లూ చేతులూ కడిగించి, కుర్చీలు వేసి, పెట్టెల్లోంచి తీయదగ్గ పిల్లలను ఒక్కొక్కరి గుండెల మీద పడుకోబెట్టింది.

"సెయ్యి ఈపు మీద పెట్టుకో. కదలకపోతే నిమురు. నిమిరినా కదలకపోతే నన్ను కేకెయ్యి," అని చెప్పింది ప్రతి తల్లికీ. త్రినాథ్ వస్తే, "మిషన్ల నోరు మూశారు గానండీ, అమ్మల నోరు మూయలేదు కదా," అంది.

త్రినాథ్ గమనించిన సంగతి ఇంకొకటుంది. తల్లి గుండె మీద ఉన్నంతసేపు పిల్లలు ఊపిరి ఆపడమే తగ్గిపోయింది. సగానికి సగం. నుదుటి పట్టీలు కూడా అదే చెబుతున్నాయి. రాసుకుందామని ఫారం తీశాడు. పద్నాలుగు గడుల్లో ఎక్కడా తల్లికి చోటు లేదు. ఆ ఫారం తయారీలో తన చెయ్యీ ఉందని గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ నెల నివేదికలో విరామాల గడిలో సున్నా వేశారు. పందొమ్మిది వందల పన్నెండు నుంచి సున్నాకు! రాజధానిలో ఆ అంకె చూసి చప్పట్లు కొట్టారట. రాష్ట్రంలో మొదటి 'శూన్య విరామ వార్డు'గా ప్రకటించారు. డైరెక్టరు గారు స్వయంగా వచ్చి శిలాఫలకం ఆవిష్కరించి, మిగతా ఆసుపత్రులన్నీ ఇదే పద్ధతి పాటించేలా ఉత్తర్వులిస్తారని కబురొచ్చింది. వేదిక మీద డాక్టర్ త్రినాథ్ పక్కనే ఉండి తన వర్గీకరణను వివరించవలెను.

ఆ కబురు విన్న త్రినాథ్‌కు వేదిక ఎక్కాలనిపించలేదు. ఒంట్లో బాగాలేదని సెలవు పెడదామనుకున్నాడు. ఇంటికెళ్లి భార్యతో అన్నాడు కూడా. "పెట్టెయ్యండి," అందామె. కాసేపాగి, ఏ చొక్కా వేసుకుంటే బాగుంటుందని అడిగాడు. ఆమె నీలం చొక్కా తీసిచ్చింది, మొహం చూడకుండా.

డైరెక్టరు గారొచ్చిన రోజు పొద్దున్న పేర్రాజు గారు వార్డంతా తిరిగారు. కుర్చీల్లో కూర్చున్న తల్లులను చూసి, "వీరు ఎవరు? ప్రణాళికలో లేరే?" అన్నారు.

"పిల్లల తల్లులండి," అంది సువార్తమ్మ.

"తనిఖీ వేళ అనధికార వ్యక్తులుండరాదు. గంటసేపే కదా, వరండాలో కూర్చోబెట్టండి."

సువార్తమ్మ త్రినాథ్ వైపు చూసింది. త్రినాథ్ చొక్కా చేతి గుండీ పెట్టుకుంటూ, "గంటే కదా సిస్టర్," అన్నాడు. తల్లులు పిల్లలను పెట్టెల్లో పడుకోబెట్టి ఒక్కొక్కరే బయటికి నడిచారు. వీరవేణి అద్దం అవతల నిలబడి లోపలికే చూస్తూ ఉండిపోయింది.

పదకొండు గంటలకు డైరెక్టరు గారు వచ్చారు. గౌను తొడుక్కుని, తలకు టోపీ పెట్టుకుని, వార్డు మధ్యలో నిలబడి కళ్లు మూసుకుని విన్నారు. "ఎంత ప్రశాంతత!" అన్నారు. "ఇదే నేను కలగన్నది. క్రమశిక్షణ అనేది పుట్టుకతోనే రావాలి. ఈ శిశువులు రాష్ట్రానికే కాదు, యావత్తు ఉద్యోగలోకానికి ఆదర్శం..."

త్రినాథ్ ఏడో పెట్టె పక్కన నిలబడ్డాడు, చేతిలో చూపుడు కర్ర. ఉపన్యాసం వింటూ అలవాటు కొద్దీ పెట్టెలోకి చూశాడు. వీరవేణి పాప ఛాతీ కదలడం లేదు.

మనసులో లెక్క దానంతటదే మొదలైంది. ఎనిమిది. తొమ్మిది. పది. తెర మీద నుదుటి పట్టీ అంకె డెబ్బై నుంచి అరవై ఐదుకు, అరవైకి జారింది. పదమూడు. పద్నాలుగు. గీత ఎంత నున్నగా దిగుతోంది, వ్యాసంలో వేస్తే ఎంత స్పష్టంగా ఉంటుంది అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. పదిహేను. పదహారు. పాప పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. పదిహేడో సెకనుకు అతనికి ఒక్కసారి తెలిసొచ్చింది, ఇది ఎవరూ రాసుకోవడం లేదని. మోగవలసినది మోగదని. తట్టవలసిన వాళ్లు డైరెక్టరు గారి వెనక వరసలో నిలబడి ఉన్నారని. ఈ గదిలో ఆ పాపను చూస్తున్నది తానొక్కడేనని.

కర్ర పారేసి పెట్టె కిటికీ మీద చెయ్యి వేశాడు. గడియ ఎటు తిప్పాలో తెలియలేదు. పదకొండేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా తెరిచిన పాపాన పోలేదు. కుడివైపు తిప్పాడు, రాలేదు. ఎడమవైపు గుంజాడు. అద్దం అవతల వీరవేణి రెండు చేతులతో దబదబా బాదుతోంది. గడియ ఊడింది. చెయ్యి లోపలికి పోనిచ్చి బొటనవేలంత ఉన్న ఆ అరికాలిని తాకాడు, ఫైలు కాగితం తిరగేసినంత మెల్లగా.

"గట్టిగా అండి!" సువార్తమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఈపు రుద్దండి, ఈపు!"

రుద్దాడు. అరచెయ్యి కింద ఆ వీపు తడిసిన అగ్గిపెట్టెలా ఉంది, తేలిగ్గా, చప్పుడు లేకుండా. ఇరవై మూడు. ఇరవై నాలుగు. సువార్తమ్మ గాలికొట్టే బుడగ అందుకుంటోంది. ఇరవై ఏడో సెకనుకు పాప మొహం చిట్లించింది. నోరు తెరిచింది. పిల్లికూన అరిచినట్టు సన్నగా ఏడ్చింది.

ఉపన్యాసం ఆగిపోయింది. "ఏమైంది?" అన్నారు డైరెక్టరు గారు.

"ఏమీ కాలేదండి," అన్నారు పేర్రాజు గారు, చెమట తుడుచుకుంటూ. "నియామక తేదీకి ముందు జరిగినది. జరిగినట్లు కాదు."

"జరిగిందండి," అన్నాడు త్రినాథ్. అతని చెయ్యి ఇంకా పెట్టె లోపలే ఉంది. "ఇరవై ఏడు సెకన్లు ఊపిరి ఆగింది. రోజూ ఆగుతోంది. మీకు పంపిన సున్నా అబద్ధం. ఆ వర్గీకరణ నేనే రాశాను. నా పేరు పెడతామంటే రాశాను."

త్రినాథ్ చెయ్యి తీసి సువార్తమ్మకు చోటిచ్చాడు. మొదటి పెట్టె దగ్గరికి వెళ్లి అలారం పెట్టాడు. రెండోదానికి పెట్టాడు. మూడోదానికి పెట్టగానే అది కూసింది, అక్కడ ఒక నర్సు పరుగెత్తింది. పన్నెండూ అయ్యేసరికి నాలుగు మోగుతున్నాయి. డైరెక్టరు గారు ఏదో అంటున్నారు గాని ఆయన నోరు కదలడం తప్ప వినిపించలేదు. సువార్తమ్మ వెళ్లి వరండా తలుపు బార్లా తెరిచింది. తల్లులు లోపలికొచ్చి ఎవరి బిడ్డ దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు, గౌనుల్లో ఉన్న పెద్దలను పక్కకు తప్పుకోమని కూడా అనకుండా.

విచారణ కమిటీ వేశారు. 'తనిఖీ సమయమున అలారములు మోగుటకు గల కారణములు' అన్నది విచారణాంశం. మూడు నెలలు పట్టింది. ఎనభై నాలుగు పేజీల నివేదిక చివర్లో, శిశువుల ఊపిరి ఆగినందువల్లనే అలారములు మోగినట్లు కమిటీ ఏకగ్రీవంగా నిర్ధారించింది. ఇంత విలువైన విషయం వెలికితీసినందుకు కమిటీ సభ్యులకు అభినందన పత్రాలిచ్చారు. తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు అలారాలు మోగవచ్చునని తాత్కాలికంగా అనుమతించారు. తదుపరి ఉత్తర్వులు రాలేదు. 'శూన్య విరామ వార్డు' అన్న ఫలకం మాత్రం అప్పటికే రాతిలో చెక్కేశారు కనుక తలుపు పక్కనే ఉండిపోయింది.

త్రినాథ్‌కు ఒక ఇంక్రిమెంటు ఆపారు. తనిఖీ సమయంలో చూపుడు కర్రను నేల మీద పడవేసినందుకు. పేర్రాజు గారు ఆ కాగితం మీద సంతకం చేస్తూ, "మనసులో ఏమీ పెట్టుకోకండి," అన్నారు. త్రినాథ్ పెట్టుకోలేదు. పెట్టుకోవాలంటే ముందు తనమీద పెట్టుకోవాలి.

వీరవేణి పాప పుష్యమాసం చివర్లో ఇంటికి వెళ్లింది, రెండు కిలోలకు కాస్త తక్కువగా. వెళ్లేముందు వీరవేణి పాపను త్రినాథ్ చేతుల్లో పెట్టింది. ఎలా ఎత్తుకోవాలో అతనికి తెలియలేదు. "మెడ కింద సెయ్యెట్టండి," అని చెప్పి నేర్పింది.

ఆ తర్వాత త్రినాథ్‌కు కొత్త అలవాటు పట్టుకుంది. మధ్యాహ్నం పూట ఏ తల్లీ రాలేని బిడ్డ పెట్టె పక్కన స్టూలు వేసుకుని, చెయ్యి లోపల పెట్టి కూర్చునేవాడు. లెక్కపెట్టేవాడు. కానీ ఆరో ఏడో వచ్చేసరికి వేలు దానంతటదే అరికాలి మీదికి పోయేది. పది దాకా ఆగుదామని ఎంత అనుకున్నా ఆగలేకపోయేవాడు. కుర్చీల్లో తల్లులు కూడా అంతే. దాంతో వార్డులో పది సెకన్ల విరామాలు దొరకడమే కష్టమైపోయింది.

ఆరు నెలలకు వైద్య పరిశోధన పత్రిక వాళ్ల నుంచి అతని వ్యాసానికి జవాబొచ్చింది. ఉత్తరం తీసుకుని వార్డులోకి వచ్చి, అప్పుడే వచ్చిన ఒక బిడ్డను తూకం వేస్తున్న సువార్తమ్మకు చదివి వినిపించాడు. పద్ధతి బాగుందట. అయితే చివరి నెలల్లో విరామాల సంఖ్య ఫలితం తేల్చడానికి చాలదట. మరిన్ని విరామాలు సేకరించి పంపితే తప్పక పరిశీలిస్తారట.

"మరిన్ని కావాలంటన్నారా అండి?"

"ఆఁ."

"ఎవరండీ ఆ పెద్దమనిషి?"

"తెలీదు సిస్టర్. వ్యాసాలు పరీక్షించే నిపుణుడి పేరు చెప్పరు."

సువార్తమ్మ బిడ్డను బట్టలో చుట్టి అతని చేతికి అందించింది. త్రినాథ్ మెడ కింద చెయ్యి పెట్టి అందుకున్నాడు.

"ఒక్క పూట ఇక్కడికి రమ్మనండి ఆయన్ని," అంది. "ఆ కుర్చీలో కూర్చోబెట్టి, గుండెల మీద పిల్లనేసి, అప్పుడడుగుదాం ఎన్ని కావాలో."